నంబరుంది, ఆర్సీ ఉంది... మరి కారు ఎందుకు సీజ్ చేశారు?

2025 సెప్టెంబరు 23న కేరళలో దాదాపు 30 చోట్ల కస్టమ్స్ అధికారులు సోదాలు చేశారు. వాటిలో సినీనటుల ఇళ్లున్నాయి. పాత కార్లు అమ్మే షోరూంలున్నాయి. ఆ ఒక్కరోజే 36 వాహనాలను స్వాధీనం చేసుకున్నారు. భూటాన్ సైన్యం వాడి వదిలేసిన ఖరీదైన బండ్లను అక్కడ చవకగా కొన్నారని, సరిహద్దు దాటించి నకిలీ పత్రాలతో హిమాచల్ ప్రదేశ్ వంటి రాష్ట్రాల్లో రిజిస్టర్ చేయించారని, తర్వాత కేరళలో అమ్మారని కస్టమ్స్ శాఖ చెబుతోంది. అంతకు నాలుగు నెలల ముందు, మే నెలలో, హైదరాబాద్‌కు చెందిన ఒక కార్ల వ్యాపారిని డీఆర్‌ఐ (సుంకాల ఎగవేతపై నిఘా పెట్టే కేంద్ర రెవెన్యూ సంస్థ) అరెస్టు చేసింది. విదేశీ కార్ల విలువ తగ్గించి చూపి దాదాపు 100 కోట్ల రూపాయల సుంకం ఎగ్గొట్టారని అందులో ఆరోపణ. రెండు కేసుల్లోనూ నిజానిజాలు విచారణలో తేలాలి.

ఈ వార్తలు చదివితే ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. ఆ కార్లకు నంబరు ప్లేట్లున్నాయి. ఆర్సీలున్నాయి. బీమా ఉంది. యజమానులు వాటిని రోడ్డు మీద బహిరంగంగానే తిప్పుకున్నారు. ప్రభుత్వ కార్యాలయమే ఆర్సీ ఇచ్చాక, ఇంకో ప్రభుత్వ శాఖ వచ్చి ఆ కారు చెల్లదని ఎలా అంటుంది?

దీనికి జవాబు తెలియాలంటే, విదేశీ కారు మన రోడ్డెక్కే ముందు ఎన్ని గడపలు దాటాలో తెలియాలి. ఏ గడప దగ్గర తేడా వచ్చిందో తెలిస్తే, ఆ కారును ఏం చేయాలన్నదీ తెలుస్తుంది.

రెండు శాఖలు, రెండు ప్రశ్నలు

మొదటి గడప కస్టమ్స్. ఈ శాఖ అడిగే ప్రశ్న ఇది: ఈ వస్తువు దేశంలోకి రావచ్చా? రావచ్చంటే ఎంత సుంకం కట్టాలి? ఓడరేవుకు వచ్చే కారుకు దిగుమతిదారు బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలు, విలువ, కట్టాల్సిన సుంకం చూపే కస్టమ్స్ పత్రం) దాఖలు చేస్తాడు. కారు తయారీ సంవత్సరం, మోడల్, ఛాసిస్ నంబరు (కారు చట్రం మీద చెక్కిన గుర్తింపు సంఖ్య), ఇంజిన్ నంబరు, కొన్న ధర కస్టమ్స్‌కు తెలపాలి. అధికారులు విలువ ఖాయం చేస్తారు. సుంకం కట్టాక సరుకును బయటికి వదులుతారు.

రెండో గడప ఆర్టీఓ. ఈ కార్యాలయం అడిగే ప్రశ్న వేరు: ఈ బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనా? దీని యజమాని ఎవరు? రాష్ట్రానికి రావాల్సిన పన్ను కట్టారా? 1988 మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపకూడదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 47వ నియమం, రిజిస్ట్రేషన్ దరఖాస్తుకు ఏమేం జతచేయాలో చెబుతుంది. అమ్మకపు పత్రం, బీమా, రోడ్డుకు తగిన బండి అన్న ధ్రువపత్రం అందులో ఉన్నాయి. విదేశీ వాహనమైతే కస్టమ్స్ క్లియరెన్స్ పత్రం కూడా ఉండాలి. దేశీ కారుకీ విదేశీ కారుకీ దరఖాస్తులో ముఖ్యమైన తేడా ఇదే.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఆర్టీఓ కార్యాలయం కస్టమ్స్ చేసిన పనిని మళ్లీ చేయదు. తన ముందు పెట్టిన పత్రం ఆధారంగా నమోదు చేస్తుంది. ఆ పత్రం నకిలీదైతే, దాని మీద పుట్టిన ఆర్సీ చూడటానికి అసలుదే అయినా పునాది ఉండదు. ప్లాటు కొన్నవారికి ఈ సంగతి బాగా తెలుసు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు రిజిస్టర్ అయినంత మాత్రాన అమ్మినవాడికి హక్కు ఉన్నట్టు కాదు. అందుకే లింక్ డాక్యుమెంట్లు అడుగుతాం. విదేశీ కారుకు బిల్ ఆఫ్ ఎంట్రీయే మొదటి లింక్ డాక్యుమెంటు.

కాబట్టి సరిగా రిజిస్టర్ కాని విదేశీ కారు అంటే నంబరు లేని కారు ఒక్కటే కాదు. నంబరు ఉండి, వెనక పత్రాల గొలుసు తెగిన కారు కూడా అలాంటిదే. నిజానికి ఎక్కువమందిని ఇబ్బందిలోకి నెట్టేది రెండో రకమే.

అసలు దొడ్డిదారి ఎందుకు?

కారణం డబ్బు. మన దేశంలో విదేశీ కార్ల మీద సుంకం చాలా ఎక్కువ. చాలా ఏళ్లపాటు వాడిన కార్ల మీద మూల కస్టమ్స్ సుంకమే 125 శాతం ఉండేది. 40,000 డాలర్లు దాటిన కొత్త కారు మీద 100 శాతం. 2025 బడ్జెట్‌లో మూల సుంకం తగ్గించారు. అయితే దాని పక్కనే వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్ చేర్చారు. అందువల్ల మొత్తం భారం పెద్దగా మారలేదు. కారు విలువకు ఈ సుంకం కలిపి, వచ్చిన మొత్తం మీద జీఎస్టీ వేస్తారు. అంటే పన్ను మీద పన్ను పడుతుంది.

పాత రేట్లతో ఒక చిన్న లెక్క చూద్దాం. వాడిన కారు విలువ 20 లక్షల రూపాయలు అనుకుందాం. 125 శాతం మూల సుంకం 25 లక్షలు. రెండూ కలిపితే 45 లక్షలు. దాని మీద 28 శాతం జీఎస్టీ వేస్తే 12.6 లక్షలు. మొత్తం పన్ను 37.6 లక్షలు. సర్‌ఛార్జీ, పరిహార సెస్ వంటివి దీనికి అదనం. ఇప్పుడు అదే కారు విలువను 10 లక్షలుగా చూపారనుకోండి. పన్ను 18.8 లక్షలకు దిగుతుంది. ఒక్క అంకె మార్చినందుకు దాదాపు 19 లక్షలు మిగులుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లపై జీఎస్టీ 40 శాతమైంది, పరిహార సెస్ పోయింది. అంకెలు మారాయి కానీ లెక్క తీరు అదే.

సుంకంతో పాటు షరతులూ ఉన్నాయి. వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడివైపు ఉండాలి. స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపాలి. హెడ్‌లైట్లు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు తగినట్టు ఉండాలి. అలాంటి కారు ముంబయి ఓడరేవు ద్వారానే రావాలి. భూటాన్ నుంచి రోడ్డు మార్గాన వచ్చిన పాత బండి ఈ నియమం ముందే ఆగిపోతుంది. భూటాన్‌తో మనకు స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉన్న మాట నిజమే. కానీ అది భూటాన్‌లో తయారైన సరుకుకు వర్తిస్తుంది. జపాన్‌లో తయారై భూటాన్‌లో తిరిగిన జీపుకు వర్తించదు.

విదేశాల్లో ఉన్న తెలుగువారు కూడా ఈ స్టీరింగ్ షరతు గమనించాలి. కనీసం రెండేళ్లు విదేశంలో ఉండి శాశ్వతంగా తిరిగొచ్చేవారు, కొన్ని షరతులకు లోబడి, ఒక కారు వెంట తెచ్చుకోవచ్చు. అయితే కస్టమ్స్ చట్టం ఇచ్చిన నిర్వచనంలోనే ప్రయాణికుడి సామానులో మోటారు వాహనం చేరదు. ఇంటి సామానుకు దొరికే మినహాయింపు కారుకు దొరకదు. సుంకం కట్టాల్సిందే. పైగా అమెరికాలోనూ గల్ఫ్ దేశాల్లోనూ కార్ల స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. ఆ దేశాల్లో వాడిన కారు మామూలుగా మన నిబంధనకు సరిపోదు. బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, సింగపూర్ వంటి చోట్ల కార్లకు ఈ అడ్డంకి లేదు. మే నెలలో హైదరాబాద్ వ్యాపారిపై డీఆర్‌ఐ పెట్టిన కేసులో, అమెరికా, జపాన్‌లలో కొన్న కార్లను ముందు దుబాయ్ లేదా శ్రీలంకకు తరలించి, ఎడమవైపు స్టీరింగును అక్కడ కుడివైపుకు మార్పించారన్న ఆరోపణ ఉంది. అంత దూరం తిప్పడం ఎందుకో పై షరతు చూస్తే అర్థమవుతుంది.

గొలుసు తెగే చోట్లు

గొలుసు ఐదు చోట్ల తెగవచ్చు. ఏ చోట తెగిందన్నదాన్ని బట్టే పరిష్కారం ఉంటుంది.

మొదటిది తేలికైనది. కారు సక్రమంగా వచ్చింది. సుంకం కట్టారు. తర్వాత ఏదో కారణంతో రిజిస్ట్రేషన్ చేయించలేదు. లేదా తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయినా అలాగే ఉంచారు. ఇక్కడ కస్టమ్స్ లింకు పదిలంగా ఉంది. తప్పు రెండో గడప దగ్గరే జరిగింది.

రెండోది రాష్ట్రాల మధ్య తేడా. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ 2022 నాటి సవరణలతో 20 లక్షలు దాటిన కార్లపై జీవిత పన్ను (వాహనం మీద ఒకేసారి కట్టే రాష్ట్ర పన్ను) 18 శాతానికి చేరింది. ఆ రేటున రెండు కోట్ల కారుకు అది 36 లక్షలు అయ్యేది. పన్ను తక్కువ ఉన్న రాష్ట్రంలో ఏదో ఒక చిరునామా చూపి రిజిస్టర్ చేయించి, కారును మాత్రం ఇక్కడే తిప్పుతారు. మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం యజమాని నివసించే చోట గానీ, వ్యాపారం చేస్తూ కారు మామూలుగా ఉంచే చోట గానీ రిజిస్టర్ చేయించాలి. ఇది కస్టమ్స్ తప్పు కాదు, రాష్ట్ర పన్ను తప్పు.

మూడోది షరతులతో వచ్చిన కారు. దౌత్యవేత్తలు సుంకం లేకుండా కారు తెప్పించుకోవచ్చు. దాన్ని ఆ హక్కు లేని వ్యక్తికి అమ్మాలంటే అనుమతి తీసుకుని సుంకం కట్టాలి. 2021 జులైలో దిల్లీ కేంద్రంగా డీఆర్‌ఐ బయటపెట్టిన వ్యవహారం ఇలాంటిదే. దౌత్యవేత్తల పేరుతో 20కి పైగా ఖరీదైన కార్లు తెప్పించి ఇతరులకు మళ్లించారన్నది ఆ కేసు. విదేశీ పర్యాటకులు కార్నె (తాత్కాలికంగా తెచ్చిన వాహనాన్ని తిరిగి తీసుకెళ్తానన్న అంతర్జాతీయ హామీ పత్రం) మీద తెచ్చే కార్లదీ ఇదే పద్ధతి. గడువులోగా అవి దేశం దాటి పోవాలి. ఇక్కడే ఉండిపోతే ఆ రోజు నుంచి అవి సుంకం బకాయి ఉన్న సరుకు.

నాలుగోది విలువ తగ్గించి చూపిన కారు. బిల్ ఆఫ్ ఎంట్రీ అసలుదే. ఓడరేవు అసలుదే. అబద్ధం లోపలి అంకెలో ఉంది. కొనుగోలుదారుకు కనిపించని తప్పు ఇది.

ఐదోది పూర్తిగా దొంగచాటు సరుకు. బిల్ ఆఫ్ ఎంట్రీయే ఉండదు. ఉంటే ఇంకో కారుది. సైన్యం వేలంలో కొన్నామనో, రాయబార కార్యాలయం నుంచి కొన్నామనో కాగితాలు పుట్టిస్తారు. దూరంగా ఉన్న ఏదో చిన్న ఆర్టీఓ కార్యాలయంలో నమోదు చేయిస్తారు. తర్వాత ఎన్‌ఓసీ (వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుంటారు. ఆ ఎన్‌ఓసీతో కారు మన రాష్ట్రానికి వచ్చేసరికి ఇక్కడి ఆర్టీఓ ముందు ఉండేది పాత ఆర్సీ, ఎన్‌ఓసీ. దిగుమతి పత్రం తొలి కార్యాలయం ఫైల్లోనే ఉండిపోతుంది. చేతులు మారిన కొద్దీ అసలు ప్రశ్న అడుగున పడిపోతుంది. మూడో యజమానికి కారు మామూలు సెకండ్ హ్యాండ్ బండిలాగే కనిపిస్తుంది.

దొరికితే ఏమవుతుంది?

రోడ్డు మీద మొదలుపెడదాం. మోటారు వాహనాల చట్టం 192వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనం నడిపితే మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల జరిమానా. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు, లేదా 5,000 నుంచి 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 207వ సెక్షన్ కింద బండిని అక్కడికక్కడే నిలిపి స్వాధీనం చేసుకోవచ్చు. ఖరీదైన కారు యజమానికి ఈ జరిమానా చిన్నదే. అసలు నష్టం బీమా దగ్గర ఉంది.

సుప్రీంకోర్టు 2014లో నరీందర్ సింగ్ కేసులో, 2021లో సుశీల్ కుమార్ గోదారా కేసులో ఒకే సూత్రం చెప్పింది. రెండు కేసుల్లోనూ తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయింది. మొదటి కేసులో ప్రమాదం జరిగింది. రెండో కేసులో బండి దొంగతనానికి గురైంది. రెండింటిలోనూ ప్రీమియం కట్టారు, పాలసీ నడుస్తోంది. అయినా చెల్లే రిజిస్ట్రేషన్ లేకుండా వాహనాన్ని వాడటం పాలసీ షరతులను మౌలికంగా ఉల్లంఘించడమేనని, సొంత నష్టానికి పరిహారం రాదని కోర్టు తేల్చింది. ఇవి విదేశీ కార్ల కేసులు కావు. కానీ సూత్రం అన్ని బండ్లకూ ఒకటే.

నంబరు ఉన్న కారు సంగతి? తప్పుడు పత్రాలతో రిజిస్ట్రేషన్ పొందారని తేలినా, కారు మీది ఛాసిస్, ఇంజిన్ నంబర్లకూ ఆర్సీలోని నంబర్లకూ పొంతన లేకపోయినా, 55వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు. ముందు యజమాని వాదన వినాలి. రద్దు చేశాక 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

ఇక కస్టమ్స్. 1962 కస్టమ్స్ చట్టంలో ఒక మౌలికమైన విభజన ఉంది. జప్తు వస్తువు మీద పడుతుంది. సుంకం, జరిమానా మనిషి మీద పడతాయి. దిగుమతి నిషేధాన్ని దాటుకుని వచ్చిన సరుకు, విలువ తప్పు చూపిన సరుకు, మినహాయింపు షరతు తప్పిన సరుకు 111వ సెక్షన్ కింద జప్తుకు లోబడతాయి. అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉందన్నది జప్తుకు అడ్డం కాదు. అందుకే ఏ పాపం ఎరగని కొనుగోలుదారు ఇంటి ముందు నుంచి కూడా కారును తీసుకెళ్లగలరు.

సుంకం విషయం అలా కాదు. సుంకం ప్రధానంగా దిగుమతిదారు బాధ్యత. విదేశం నుంచి ఇంకొకరు తెచ్చిన పోర్షే కారును చేతులు మారాక కొన్న ఒక వ్యక్తిని కస్టమ్స్ సుంకం కట్టమంది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అతను చట్టం చెప్పే దిగుమతిదారు కాడని, సుంకం అతని నుంచి వసూలు చేయడం చెల్లదని కోర్టు తీర్పిచ్చింది. కొనుగోలుదార్లకు ఇది ఊరటే. అయితే దీన్ని అన్నిటికీ రక్షణ కవచం అనుకోకూడదు. జప్తు అయిన కారును విడిపించుకోవాలనుకునే వ్యక్తి ముందు 125వ సెక్షన్ ఉంటుంది. విడుదల జరిమానా కట్టి కారు తీసుకునే అవకాశం అధికారి ఇవ్వవచ్చు. కారు మార్కెట్ ధరలోంచి సుంకం తీసేస్తే మిగిలే మొత్తం ఆ జరిమానాకు గరిష్ఠ పరిమితి. సరుకు నిషేధిత రకానికి చెందకపోతే అధికారి ఆ అవకాశం ఇచ్చి తీరాలి. నిషేధిత రకమైతే ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆయన విచక్షణ. జరిమానా కట్టి విడిపించుకుంటే రావాల్సిన సుంకం కూడా చెల్లించాలని అదే సెక్షన్ చెబుతుంది.

కాలం గడిస్తే తప్పు మాసిపోతుందన్న నమ్మకం ఒకటి మార్కెట్లో ఉంది. సుంకం నోటీసుకు మామూలుగా రెండేళ్ల గడువు ఉన్న మాట నిజం. మోసం, వాస్తవాల దాచివేత ఉంటే అది ఐదేళ్లు. కానీ జప్తుకు చట్టం అలాంటి గడువు పెట్టలేదు.

చేతిలో అలాంటి కారు ఉంటే?

మొదటి పని కాగితాలన్నీ ఒకచోట చేర్చడం. బిల్ ఆఫ్ ఎంట్రీ, సుంకం రసీదు, విదేశీ ఇన్‌వాయిస్, ఓడ రవాణా పత్రం, తొలి ఆర్సీ, ఎన్‌ఓసీలు, బీమా, బ్యాంకు ద్వారా డబ్బు ఇచ్చిన ఆధారాలు. తర్వాత కారు దగ్గరికి వెళ్లి ఛాసిస్ నంబరు చూడాలి. అందులో మామూలుగా 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అది ప్రతి కాగితంలోనూ ఒకేలా ఉండాలి. ఎక్కడ తేడా ఉందో, ఏ కాగితం లేదో గుర్తిస్తే, పైన చెప్పిన ఐదింటిలో మీది ఏదో తెలుస్తుంది.

మొదటి రకమైతే ఆర్టీఓ దగ్గరే పని తీరుతుంది. కస్టమ్స్ పత్రాలతో దరఖాస్తు చేసి, జీవిత పన్ను, ఆలస్యానికి రుసుము కట్టాలి. కారును బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (వాహనాలను తనిఖీ చేసే రవాణా అధికారి) ముందు చూపాలి. డీలరు నుంచి కొన్న దేశీ కారును కార్యాలయానికి తేవక్కర్లేదన్న 2019 సడలింపు, సొంతంగా దిగుమతి చేసుకున్న కారుకు ఉండదు. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి అక్కడికి నడుపుకుంటూ పోకూడదు. వేరే బండి మీద ఎక్కించి తీసుకెళ్లడమే పద్ధతి.

రెండో రకానికి దారి స్పష్టంగానే ఉంది. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. పాత ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చి, కారు వయసును బట్టి జీవిత పన్ను ఇక్కడ కట్టాలి. ముందు రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు. తనిఖీలో దొరక్కముందే వెళ్తే ఇది పన్ను వ్యవహారంగానే ముగుస్తుంది. చిరునామా నకిలీదని తేలితే మాత్రం క్రిమినల్ కేసు దాకా పోవచ్చు.

మూడో రకంలో ముందు వెళ్లాల్సింది ఆర్టీఓ దగ్గరికి కాదు, కస్టమ్స్ దగ్గరికి. అమ్మకూడదన్న షరతు ఉంటే అది ముగిసిందా? సుంకం మినహాయింపు పొందిన కారైతే దాన్ని చెల్లించారా? ఈ రెండూ తేలకుండా ఆర్సీ మార్పించుకుంటే, కొత్త ఆర్సీ కూడా అదే బలహీనత మీద నిలబడుతుంది.

నాలుగు, ఐదు రకాల అనుమానం ఉంటే సొంత తెలివి మీద నడవకూడదు. కస్టమ్స్ కేసులు చూసే న్యాయవాదిని కలవాలి. కారు రోడ్డు మీదికి తీయకూడదు. ఎవరికీ అమ్మకూడదు. తెలిసి అమ్మితే, అప్పటిదాకా మోసపోయినవాడుగా ఉన్న మనిషి మోసంలో భాగస్వామి అవుతాడు. ఏజెంట్ మాట విని ఛాసిస్ నంబరు చెరిపించడం, కొత్త కాగితాలు సృష్టించడం అన్నిటికన్నా ప్రమాదం. సుంకం బకాయిని డబ్బుతో తీర్చవచ్చు. చెరిపిన ఛాసిస్ నంబరును సరిదిద్దే దారి లేదు.

కస్టమ్స్ అధికారులు వచ్చి కారును స్వాధీనం చేసుకుంటే పంచనామా ప్రతి అడిగి తీసుకోవాలి. ఏ పత్రాలు తీసుకెళ్లారో రాయించుకోవాలి. స్వాధీనం చేసుకున్న ఆరు నెలల్లో నోటీసు ఇవ్వాలి. కారణాలు రాసి ఆ గడువును మరో ఆరు నెలలు పెంచవచ్చు. ఈలోగా 110ఏ సెక్షన్ కింద, బాండు, పూచీకత్తు ఇచ్చి కారును తాత్కాలికంగా విడిపించుకోవడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఖరీదైన కారు నెలల తరబడి ఎండలో వానలో ఉంటే దాని విలువే పోతుంది కాబట్టి ఈ దరఖాస్తు ముఖ్యం. దిగుమతిదారే నోటీసు అందుకుంటే, 30 రోజుల్లో సుంకం, వడ్డీ, సుంకంలో 15 శాతం జరిమానా కట్టి వ్యవహారం ముగించుకునే వీలు మోసం ఆరోపణ ఉన్న కేసుల్లో కూడా 28వ సెక్షన్‌లో ఉంది. క్రిమినల్ విచారణ జరుగుతుంటే అది వేరు. ఆదేశం నచ్చకపోతే అప్పీళ్ల కమిషనర్‌కు 60 రోజుల్లో వెళ్లవచ్చు. ఆ పైన ట్రైబ్యునల్ ఉంది. దాని బెంచి ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. మొదటి అప్పీలు వేయడానికి వివాదంలో ఉన్న సుంకంలో 7.5 శాతం ముందుగా కట్టాలి.

తాతల నాటి విదేశీ కారు షెడ్డులో పడి ఉంటే దాని దారి వేరు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు (50 ఏళ్లు దాటి, మౌలికమైన మార్పులు చేయని పాత బండ్లకు) ప్రత్యేక రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. కొత్త నమోదుకు 20,000 రూపాయలు. పదేళ్లకోసారి పునరుద్ధరణకు 5,000. నంబరులో వీఏ అన్న అక్షరాలుంటాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు రోడ్డు మీదికి తీయవచ్చు. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి వాడకూడదు. విదేశం నుంచి తెచ్చినదైతే ఇక్కడా బిల్ ఆఫ్ ఎంట్రీ అడుగుతారు.

కొనేముందు గంట పని

వాడిన విదేశీ కారు కొనాలనుకునేవారు డబ్బు ఇవ్వకముందు చేయాల్సిన పని గంటలో అయిపోతుంది.

బిల్ ఆఫ్ ఎంట్రీ అడగండి. జిరాక్స్ ఇస్తే దాన్ని నమ్మి ఊరుకోకండి. దాని నంబరు, తేదీ, ఓడరేవు కోడ్ తీసుకుని కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో సరిచూడండి. పత్రం అసలు దాఖలైందో లేదో అక్కడ తెలుస్తుంది. భారతీయ కంపెనీ డీలరు ద్వారా అమ్ముడైన విదేశీ బ్రాండు కారైతే ఆ డీలరు ఇన్‌వాయిస్, సర్వీసు చరిత్ర అడగండి. షోరూం ఛాసిస్ నంబరు చూసి, కారు తమ ద్వారా వచ్చిందో కాదో చెప్పగలదు.

ఛాసిస్ నంబరు మొదటి అక్షరం చూడండి. జే అయితే జపాన్, డబ్ల్యూ అయితే జర్మనీ. మన దేశంలో తయారైనవాటికి మొదటి అక్షరం ఎం. ఆర్సీలో దేశీ కారు అని రాసి, నంబరు జే తో మొదలైతే ఎక్కడో తేడా ఉన్నట్టే. తర్వాత తేదీలు చూడండి. తయారీ సంవత్సరానికీ తొలి రిజిస్ట్రేషన్‌కూ మధ్య చాలా ఏళ్లు ఖాళీ ఉంటే, ఆ కాలంలో కారు ఎక్కడ తిరిగిందో అమ్మేవాడు కాగితంతో చూపాలి. స్టీరింగ్ మార్చిన గుర్తులు డ్యాష్‌బోర్డు, పెడళ్లు, వైపర్ల దగ్గర బయటపడతాయి. మంచి మెకానిక్ వాటిని పసిగడతాడు.

చివరగా ఎన్‌ఓసీ ఇచ్చిన ఆర్టీఓ కార్యాలయాన్ని నేరుగా సంప్రదించండి. తొలి యజమాని ఎవరు? నమోదుకు ఏ పత్రం ఆధారం? కార్యాలయం దూరంగా ఉందని ఈ ఒక్క పని మానేయకండి. ఇలాంటి కార్లకు దూరపు కార్యాలయాన్ని ఎంచుకునేదే ఎవరూ వెళ్లి అడగరన్న ధీమాతో.

ధర కూడా ఒక సాక్ష్యమే. అదే మోడల్, అదే సంవత్సరం కారు మార్కెట్లో 80 లక్షలుంటే, ఒకరు 45 లక్షలకు ఇస్తున్నారంటే, ఆ 35 లక్షలు ఎక్కడ మిగిలాయో అడగాలి. పైన వేసిన లెక్క చూస్తే జవాబు ఊహించవచ్చు. చాలాసార్లు అది ప్రభుత్వానికి చేరని సుంకం. కొన్నవాడికి అది తగ్గింపులా కనిపిస్తుంది. నిజానికి అది కారుతో పాటు కొత్త యజమాని ఇంటికి వచ్చిన బకాయి. ఆ బకాయి ఎవరిదో కోర్టులో తేలేదాకా కారు మాత్రం కస్టమ్స్ గోదాములో ఉంటుంది.